కొత్త రిజర్వాయరు, పోడు చేను: నీళ్లలోని సన్న ప్రాణుల లెక్క ఏటేటా ఎట్లా మారుతుంది?

కిందటి వీడియోలో పంట కుంట నీళ్లను గాజు సీసాలో పట్టి ఎండకు ఎత్తి చూపించాం కదా, అది చూసిన వాళ్లలో చాలామంది అడిగిన ప్రశ్న ఒక్కటే. "కుంట తవ్విన మొదటేడు నీళ్లు పచ్చగున్నయి, చాపలు మంచిగ పెరిగినయి. మూడో ఏటికి నీళ్లు తేటైనయి, చాప ఎదుగుతలేదు. నీళ్లల్ల సారం పోయిందా?"

ఈ మాట కుంట ఉన్న రైతులు మాత్రమే అనేది కాదు. ఏ కొత్త రిజర్వాయరు నిండినా, నాలుగైదేళ్ల తర్వాత దాని ఒడ్డున వల ఆరేసుకునే వాళ్ల నోట ఇదే వినిపిస్తుంది. అందుకే ఈ పాఠంలో కుంటను, రిజర్వాయరును పక్కపక్కన పెట్టి చూద్దాం. ఉత్తర తెలంగాణలో ఇప్పుడు పాత నీళ్లు, కొత్త నీళ్లు రెండూ ఉన్నాయి. కరీంనగర్ పట్టణం అంచున లోయర్ మానేరు డ్యాం 1985లో పూర్తయింది, 24 టీఎంసీలది. అంటే దానికి నలభై ఏళ్లు. దానికి ఎగువన, మానేరు మూలవాగు కలిసే మాన్వాడ దగ్గర మిడ్ మానేరు ఉంది. దాని కట్ట 2016 సెప్టెంబరు వానలకు తెగింది. మళ్లీ కట్టి, 2019లో గోదావరి నీళ్లు ఎత్తిపోసి నింపారు. 25 టీఎంసీలకు పైబడిన జలాశయం. ఒకే వాగు మీద ఒకటి పాత నీళ్లు, ఇంకొకటి కొత్త నీళ్లు. మనకు ఇంతకన్నా మంచి పాఠశాల దొరకదు.

ముందు, ప్లవకాలంటే ఏమిటి?

నీళ్లలో ఈదలేక, నీటి కదలికతో కొట్టుకుపోయే సన్న ప్రాణులను ప్లవకాలు అంటారు. ఇవి రెండు రకాలు. ఎండను పట్టుకుని ఆహారం తయారు చేసుకునేవి వృక్ష ప్లవకాలు. నీళ్లకు పచ్చరంగు తెచ్చేది ఇవే. వీటిలో డయాటములు, ఆకుపచ్చ నాచు, నీలి ఆకుపచ్చ నాచు ముఖ్యం. వాటిని తిని బతికేవి జంతు ప్లవకాలు. వీటిలో రోటిఫర్లు అన్నిటికన్నా చిన్నవి, కంటికి ఆనవు. డాఫ్నియా, మోయినా వంటి నీటి ఈగలు, సైక్లోప్స్ వంటివి సీసాలో తెల్లని చుక్కల్లాగా ఎగురుతూ కనిపిస్తాయి.

సైక్లోప్స్ అంటే కొత్త పేరు అనిపించొచ్చు గానీ మన పెద్దలకు దాని దెబ్బ తెలుసు. ఒకప్పుడు దిగుడు బావుల నీళ్లు తాగిన వాళ్లకు కాళ్లలో నారికురుపు లేచేది. ఆ నారి పురుగు పిల్లలను మోసింది ఈ సైక్లోప్సే. నీళ్లను బట్టతో వడపోసి తాగమని ఊరూరా చెప్పింది అందుకే. 2000 సంవత్సరంలో మన దేశం నారికురుపు నుంచి బయటపడింది. బట్టలో చిక్కేటంత పెద్దవి కాబట్టే ఆ ఉపాయం పనిచేసింది. అదే బట్టతో మనం ఈ రోజు పాఠం నేర్చుకోబోతున్నాం.

చేపకు ఈ ప్రాణులే మేత. నీటి పైపొరలో తిరిగే బొచ్చె ఎక్కువగా జంతు ప్లవకాలను తింటుంది. వెండి బొచ్చె వృక్ష ప్లవకాలను జల్లెడ పట్టినట్టు వడకట్టుకుంటుంది. పొలానికి వానపాము ఎట్లాగో చెరువుకు ప్లవకాలు అట్లా. అవి బాగుంటేనే పైన ఉన్నవి బాగుంటాయి.

కొత్త రిజర్వాయరు అంటే పోడు చేనే

ఆదిలాబాద్ వైపు రైతులకు పోడు తెలుసు. చెట్టు కొట్టి, కాల్చి, బూడిద మీద విత్తనం వేస్తే మొదటి ఏడు పంట విరగబడి పండుతుంది. రెండో ఏడు పర్వాలేదు. మూడు, నాలుగు ఏళ్లకు దిగుబడి పడిపోతుంది. ఎందుకు? అడవి ఏళ్ల తరబడి కూడబెట్టిన సారం బూడిదలో ఒక్కసారిగా విడుదలైంది. పంట కొంత తిన్నది, వాన కొంత కడిగింది. మళ్లీ పెట్టేవాడు లేడు.

కొత్త రిజర్వాయరులో జరిగేది అచ్చం ఇదే, నిప్పుకు బదులు నీళ్లు. మిడ్ మానేరు కింద కొదురుపాక, వరదవెల్లి, నీలోజిపల్లి, చీర్లవంచ, చింతల్‌ఠాణా, సంకెపల్లి, రుద్రవరం వంటి ఊళ్ల ఇళ్లు, పొలాలు మునిగాయి. వరదవెల్లి గుట్ట ఇప్పుడు నీళ్ల నడుమ దీవిలా నిలబడింది. ఆ పొలాల్లో ఏముంది? తరతరాలుగా తోలిన పెంట ఎరువు, వరి కొయ్యకాళ్లు, గడ్డి వేర్లు, గట్ల మీద రాలిన ఆకు, పశువుల కొట్టాల చుట్టూ పేరుకున్న సారం. ఆ మట్టి తడిసిన రోజు నుంచి కుళ్లడం మొదలైంది. అందులో ఉన్న నత్రజని, భాస్వరం నీళ్లలోకి దిగాయి. ఆ నీళ్లలో మొదట పుట్టిన పచ్చదనం, మొదట పెరిగిన చేప ఆ ఊళ్ల రైతుల చెమట తిని పెరిగినవే. ఊరు పోగొట్టుకున్న వాళ్లను తలుచుకోకుండా ఈ పాఠం చెప్పలేం.

కాబట్టి మన మొదటి ప్రశ్నకు జవాబు ఇది. మొదటి ఏళ్ల పచ్చదనం మునిగిన మట్టి ఇచ్చిన అప్పు. ఆ అప్పు కొన్నేళ్లకు ఖర్చయిపోతుంది. ఆ తర్వాత నీళ్లు ఏ రంగులో ఉండాలన్నది ఎగువన ఉన్న పొలాలు, ఊళ్లు తేలుస్తాయి.

మొదటి వారాలు: ముందుగా వచ్చేది నాచు కాదు, బ్యాక్టీరియా

జీవామృతం కలిపిన డ్రమ్మును గుర్తు తెచ్చుకోండి. 200 లీటర్ల నీళ్లలో పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి వేస్తే మొదటి రోజే బుడగలు మొదలవుతాయి. తిండి దొరికింది, బ్యాక్టీరియా పెరిగింది. కొత్తగా మునిగిన నేల కూడా అంతే. గడ్డి, ఆకు కుళ్లేటప్పుడు బ్యాక్టీరియా నీళ్లలోని ప్రాణవాయువును వాడేసుకుంటుంది. నీళ్లు గోధుమ రంగులో, కొంచెం వాసనతో ఉంటాయి. అడుగు నీళ్లలో గాలి తగ్గిపోతుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన పని జరుగుతుంది. మన ఎర్ర నేలల్లో భాస్వరం ఇనుముతో కట్టుబడి ఉంటుంది. పంటకు సులువుగా దొరకదని మనం అనుకునేది ఆ భాస్వరమే. నేల మీద నీళ్లు నిలిచి గాలి ఆడకపోతే ఇనుము రూపం మారి, ఆ కట్టు వదులుతుంది. వరి మడిలో నీళ్లు పెట్టినప్పుడు భాస్వరం అందుబాటు పెరగడానికి కారణం ఇదే. రిజర్వాయరు అడుగున కూడా ఇదే జరుగుతుంది, అయితే వేల ఎకరాల్లో ఒకేసారి.

మట్టి తేరుకుని, ఎండ లోపలికి దిగగానే చిన్నచిన్న ఆకుపచ్చ నాచు, డయాటములు లేస్తాయి. వీటిలో చిన్నవి ఒకటి రెండు రోజుల్లో రెట్టింపు అవుతాయి. వాటి వెనక రోటిఫర్లు. ఇవి మగ తోడు లేకుండానే గుడ్లు పెడతాయి, వేసవి వేడికి గుడ్డు ఒక రోజులోనే పొదుగుతుంది. తర్వాత వారం పది రోజులకు నీటి ఈగలు. ఇంకా ఆలస్యంగా సైక్లోప్స్ జాతి, వాటికి పిల్ల నుంచి పెద్ద కావడానికి రెండు మూడు వారాలు కావాలి.

ఇవన్నీ ఎక్కడి నుంచి వచ్చాయి? కొన్ని వాగు నీళ్లతో కొట్టుకొచ్చాయి. కొన్ని కొంగల, బాతుల కాళ్లకు అంటుకుని వచ్చాయి. ఇంకొన్ని అక్కడే ఉన్నాయి. నీటి ఈగలు ఎండాకాలానికి ముందు గట్టి పెంకు గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు ఎండిన కుంట మట్టిలో ఏళ్ల తరబడి నిద్రపోతాయి. మునిగిన ఊళ్ల కుంటల అడుగు మట్టి రిజర్వాయరుకు విత్తనాల గాదె లాంటిది.

ముందు త్వరగా పెరిగే చిన్నవి, వెనక నెమ్మదిగా పెరిగే పెద్దవి. బీడు పడ్డ చేనులో ముందు గడ్డి, తర్వాత తంగేడు, తర్వాత మోదుగు లేచినట్టే.

రెండు నుంచి ఐదేళ్లు: పొంగు, ఆ తర్వాత పడిపోవడం

మేత ఎక్కువ, తినే చేపలు ఇంకా తక్కువ. ఈ కాలంలో ప్లవకాలు పొంగుతాయి. వదిలిన చేపపిల్ల వేగంగా ఎదుగుతుంది. మత్స్యకారులు "దొడ్డ చాప పడుతుంది" అనే రోజులు ఇవే. రష్యాలో వోల్గా నది జలాశయాల నుంచి అమెరికా, ఆఫ్రికా జలాశయాల దాకా శాస్త్రవేత్తలు ఈ పొంగును గుర్తించారు.

ఆఫ్రికాలో జాంబెజీ నది మీద కట్టిన కరీబా దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. 1958 చివర డ్యాం మూసి నింపడం మొదలుపెట్టారు. మునిగిన అడవి సారంతో నీటి మీద తేలే సాల్వీనియా అనే ఫెర్న్ జాతి మొక్క 1962 నాటికి సుమారు 1000 చదరపు కిలోమీటర్లు కప్పేసింది. అది చూసి జనం భయపడ్డారు. తర్వాత ఏళ్లలో సారం తగ్గే కొద్దీ ఆ మొక్క కూడా చాలావరకు తగ్గిపోయింది. మన చెరువుల్లో గుర్రపు డెక్క పెరిగేది కూడా ఇట్లాంటి సారం మీదే. మన గుర్రపు డెక్క తగ్గని చోట సారం లోపలికి వస్తూనే ఉందని అర్థం.

పొంగు తర్వాత పడిపోవడం ఎందుకు? మూడు కారణాలు కలుస్తాయి. మునిగిన గడ్డి, ఆకు కుళ్లడం అయిపోయింది. తూముల నుంచి పోయే నీళ్లు కొంత సారాన్ని తీసుకుపోయాయి. మిగిలింది చచ్చిన ప్లవకాలతో, ఒండ్రుతో అడుగుకు దిగి పూడిక కింద పడింది. అదే సమయంలో చేపల మంద పెరిగింది. చేప ముందుగా పెద్ద నీటి ఈగలను ఏరుకుని తింటుంది. దాంతో నీళ్లలో మళ్లీ చిన్న రోటిఫర్లే మిగులుతాయి. తినే నోళ్లు ఎక్కువై, మేత సన్నమై, చేప ఎదుగుదల మందగిస్తుంది.

ఇది ఎవరి తప్పూ కాదు. కానీ మొదటి రెండేళ్ల దిగుబడి చూసి, ఎప్పటికీ అంతే వస్తుందని వల మీద, పడవ మీద అప్పు చేసిన వాళ్లు దెబ్బతింటారు. పోడు చేనులో మొదటి ఏడు పంట చూసి పెళ్లి ఖర్చు లెక్క వేసుకున్నట్టు. పంట కుంటలో చేపలు వేసే మన రైతులు కూడా ఇది గుర్తు పెట్టుకోవాలి. మొదటి ఏటి లెక్కను మూడో ఏటికి పెట్టుకోకండి.

ఆ తర్వాత: ఎగువ ఏది పంపితే అది

పొంగు దిగిన తర్వాత రిజర్వాయరు ఒక నడకకు వస్తుంది. ప్రతి వానాకాలం వాగు తెచ్చే మట్టి, సారం మీద అది బతుకుతుంది. ఎగువన అడవి, గడ్డి ఉంటే తక్కువ సారం వస్తుంది. నీళ్లు తేటగా ఉంటాయి, డయాటములు, రకరకాల ఆకుపచ్చ నాచులు కలిసి ఉంటాయి. ఎగువన మురుగు, రసాయన ఎరువులు, కోసుకుపోయే చేలు ఉంటే భాస్వరం ఏటా వస్తూనే ఉంటుంది. అప్పుడు రకాలు తగ్గి, ఒకటి రెండు నీలి ఆకుపచ్చ నాచులే రాజ్యమేలుతాయి.

మన దేశంలో జలాశయాలను ఒక పద్ధతిగా చదవడం 1971లో సమన్వయ పరిశోధన పథకంతో మొదలైంది. మన నాగార్జునసాగర్ కూడా అందులో ఉంది. భారతీయ జలాశయాల్లో తరచుగా పైచేయి సాధించే నాచు పేరు మైక్రోసిస్టిస్. దీని గురించి కాసేపట్లో చెప్తాను, పశువులున్న ప్రతి రైతు తెలుసుకోవాలి.

మన రిజర్వాయర్ల ప్రత్యేకత మూడు

ఒకటి, నీటి మట్టం ఏటా ఎక్కి దిగుతుంది. యాసంగిలో కాల్వలకు నీళ్లు వదిలాక ఒడ్డు వెంట శిఖం భూమి బయటపడుతుంది. అక్కడ గడ్డి మొలుస్తుంది, గొర్రెలు, బర్రెలు మేస్తాయి, కొందరు పంట వేస్తారు. వానాకాలంలో ఆ గడ్డి, పేడ, కొయ్యకాళ్లు మళ్లీ మునుగుతాయి. అంటే ప్రతి ఏడూ ఒక చిన్న పొంగు వస్తుంది. వానలు పడ్డ నెల రెండు నెలలకు నీళ్లు పచ్చబడేది ఇందుకే. దీని ఇంకో అర్థం గమనించండి. శిఖంలో చల్లిన యూరియా, కలుపు మందు వాగు దాటి రావాల్సిన పని లేదు, నేరుగా రిజర్వాయరులో కలుస్తుంది.

రెండు, జలాశయాలు ఒకదానికొకటి గొలుసుగా కలిశాయి. శ్రీరాంసాగర్ నుంచి వరద కాల్వ, ఎల్లంపల్లి నుంచి ఎత్తిపోత మిడ్ మానేరుకు వస్తాయి. అక్కడి నుంచి లోయర్ మానేరుకు పోతాయి. నీళ్లతో పాటు ప్లవకాలు, వాటి గుడ్లు, భాస్వరం అన్నీ ప్రయాణం చేస్తాయి. పాత జలాశయం నాచు కొత్త దానికి విత్తనమవుతుంది. ఒక చోట చేసిన పాడు ఇంకో జిల్లా తాగుతుంది.

మూడు, వరద. కడెం ప్రాజెక్టు నిల్వ 7.6 టీఎంసీలు. 2022 జూలైలో దాని మీదికి 5 లక్షల క్యూసెక్కుల దాకా వరద వచ్చింది. ఆ లెక్కన అరగంటకు ఒక టీఎంసీ. నాలుగు గంటల్లో ప్రాజెక్టులో ఉన్నన్ని నీళ్లు కొత్తవి వచ్చి పోతాయి. నాచు రెట్టింపు కావడానికే ఒక రోజు కావాలి, ఇక నిలిచేది ఎక్కడ? పెద్ద వరద వచ్చినప్పుడు పలక తుడిచినట్టు అయిపోయి, మళ్లీ చిన్నవాటితో మొదలవుతుంది. అందుకే చిన్న జలాశయం, పెద్ద వాగు ఉన్న చోట వయసు ఎంతున్నా నీళ్లు ఏటా కొత్తవే.

పూడికను కూడా మరిచిపోవద్దు. 112 టీఎంసీల నిల్వతో కట్టిన శ్రీరాంసాగర్ ఇప్పుడు 80 టీఎంసీల దగ్గరికి వచ్చింది. ఆ తగ్గిన చోటంతా ఎగువ పొలాల పైమట్టి. దానితో పాటు దాని భాస్వరం కూడా అక్కడే ఉంది. అడుగున గాలి తగ్గినప్పుడల్లా అది కొంచెం కొంచెం పైకి వస్తుంది.

పచ్చగా ఉన్నదంతా ఎరువు కాదు

మన ప్రకృతి వ్యవసాయ రైతుల్లో ఒక నమ్మకం ఉంది. నీలి ఆకుపచ్చ నాచు అంటే నత్రజని, కాబట్టి చెరువు మీద తేలే నాచు పొలానికి బలం అని. సగం నిజం. వరి మడిలో నీలి ఆకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుందని 1939లోనే పి.కె. డే చూపించారు. నాస్టాక్, అనబీనా వంటివి ఆ పని చేస్తాయి. అజొల్లా ఆకులో ఉండేది కూడా అనబీనా జాతే. కానీ మైక్రోసిస్టిస్ నత్రజనిని పట్టదు. అది నీళ్లలో ఉన్న సారాన్ని తిని పెరుగుతుంది, పైగా దానిలో కొన్ని రకాలు కాలేయాన్ని దెబ్బతీసే విషం తయారు చేస్తాయి.

గాలి లేని ఎండ రోజుల్లో మైక్రోసిస్టిస్ పైకి తేలి, గాలి తోసిన ఒడ్డున ఆకుపచ్చ పెయింటు పోసినట్టు పేరుకుంటుంది. పశువులు నీళ్లు తాగేది కూడా ఆ ఒడ్డునే. ఎక్కువ తాగిన పశువు నీరసపడి, తూలి, కొన్నిసార్లు గంటల్లోనే చనిపోవచ్చు. అందుకే ఈ రెండు పరీక్షలు నేర్చుకోండి.

కర్ర పరీక్ష: కర్రతో నాచును పైకి లాగండి. దారాలు, జుట్టులాగా వేలాడితే అది మామూలు దారపు నాచు. కర్రకు పెయింటులాగా అంటుకుంటే జాగ్రత్త పడాలి.

సీసా పరీక్ష: చేతికి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని గాజు సీసాలో ముప్పావు వంతు నీళ్లు పట్టి, కదపకుండా రాత్రంతా ఉంచండి. పచ్చదనం అడుగుకు దిగితే ఎక్కువ శాతం ఆకుపచ్చ నాచు. పైన ఉంగరంలాగా తేలితే నీలి ఆకుపచ్చ నాచు కావొచ్చు.

తేలినదంతా విషమని కాదు, కానీ విషం ఉందా లేదా కంటితో చెప్పలేం. కాబట్టి తేలితే ఉన్నట్టే లెక్క. పశువులను ఆ ఒడ్డుకు తోలకండి, బోరు నీళ్లు పెట్టండి. తాగి నలతగా ఉంటే వెంటనే పశువుల డాక్టరును పిలవండి. ఆ నీళ్లను జీవామృతంలో కలపకండి, ఆకుకూరల మీద స్ప్రింక్లర్‌తో కొట్టకండి. మైలుతుత్తం వేసి చంపాలని చూడకండి. నాచు కణం పగిలితే లోపలి విషమంతా ఒకేసారి నీళ్లలో కలుస్తుంది.

డ్రిప్ ఉన్నవాళ్లకు ఒక మాట. మోటారు ఫుట్‌వాల్వును నీటి పైపొరలో కాకుండా, అడుగు బురదలో కాకుండా, పైనుంచి రెండు మూడు అడుగుల లోతులో డబ్బాకు కట్టి వేలాడదీయండి. గాలి నాచును తోసే ఒడ్డుకు ఎదురు ఒడ్డున పెట్టండి. ఇసుక ఫిల్టరు ఉంటే డ్రిప్పర్లు మూసుకుపోవడం చాలా తగ్గుతుంది.

మన పొలం నుంచి ఎంత పోతుంది?

ఒక 50 కిలోల డీఏపీ బస్తాలో 23 కిలోల భాస్వరం ఆక్సైడు ఉంటుంది. అసలు భాస్వరంగా లెక్కేస్తే సుమారు 10 కిలోలు. ఒక కిలో భాస్వరం నీళ్లలో చేరితే సుమారు 500 కిలోల పచ్చి నాచును పెంచగలదు. అంటే బస్తాలో పదో వంతు వానకు కొట్టుకుపోయినా అర టన్ను నాచుకు సరిపడా మేత.

మనం డీఏపీ వేయం కదా అని ఊరుకోవద్దు. భాస్వరం ఎక్కువగా మట్టి రేణువులకు అంటుకుని ప్రయాణం చేస్తుంది. పైమట్టి కోసుకుపోయే ప్రకృతి వ్యవసాయ చేను కూడా నీళ్లను పాడు చేస్తుంది. వాగు ఒడ్డున వానకు తడిసే పెంట కుప్ప కూడా అంతే. వాగుకు పెంట, రసాయనం తేడా తెలియదు. కాబట్టి మన పని ఇది:

తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి, మొదటి పెద్ద వానలకు నేల మీద పచ్చని కప్పు ఉండేటట్టు చూసుకోండి. ఏడాదిలో మట్టి ఎక్కువగా పోయేది ఆ వానలకే.

వాలుకు అడ్డంగా దున్నండి. వాగు వైపు గట్టు మీద గడ్డి, కంది, ఉలవ వంటివి వదిలి, కనీసం నాలుగైదు గజాలు దున్నకుండా ఉంచండి.

పెంట కుప్పను వాగుకు, కుంటకు దూరంగా, చుట్టూ చిన్న కట్ట పోసి, వానాకాలం కప్పి ఉంచండి.

పోయిన మట్టిని వెనక్కి తెచ్చుకోండి. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువు పూడికను పొలాలకు తోలుకున్న రైతులకు దాని బలం తెలుసు. నీళ్లకు చేటు చేసే భాస్వరం మన చేనులో మేలు చేస్తుంది. అయితే మురుగు, ఫ్యాక్టరీ నీళ్లు కలిసే చెరువు పూడికను పరీక్ష చేయించకుండా తోలుకోకండి.

మీ కుంటలోనే చూసి రాసుకోండి

రిజర్వాయరులో ఏళ్లు పట్టే కథ కొత్త పంట కుంటలో రెండు మూడు ఏళ్లలో కనిపిస్తుంది. మట్టి అడుగు ఉన్న కుంటలో పొంగు స్పష్టంగా వస్తుంది. ప్లాస్టిక్ షీటు పరిచిన కుంటలో మునిగిన మట్టి ఉండదు కాబట్టి మొదటి ఏడు కూడా నీళ్లు తేటగానే ఉంటాయి. పక్కపక్క చేలల్లో ఈ రెండు రకాలు ఉంటే పోల్చి చూడండి. ఈ పాఠమంతా కళ్ల ముందు కనిపిస్తుంది.

15 రోజులకు ఒకసారి, ఒకే సమయానికి, పొద్దున పది గంటల ప్రాంతంలో మూడు పనులు చేయండి. మొదటిది, జానెడు వెడల్పు స్టీలు పళ్లెానికి నాలుగు భాగాలుగా నలుపు, తెలుపు రంగు వేసి, తాడు కట్టి నీళ్లలోకి దించండి. ఎక్కడ కనిపించకుండా పోయిందో ఆ లోతు కొలవండి. పచ్చ నీళ్లలో 30 నుంచి 40 సెంటీమీటర్లు ఉంటే చేపకు మంచి మేత ఉన్నట్టు. 20 కన్నా తగ్గితే తెల్లవారుజామున ప్రాణవాయువు తగ్గి చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. పేడ వేయడం ఆపండి. నీళ్లు మట్టి రంగులో ఉంటే ఈ లెక్క పనికిరాదు.

రెండోది, పది బకెట్ల నీళ్లను పాత పంచె గుడ్డతో వడపోసి, మిగిలినదాన్ని తెల్ల గిన్నెలో వేసి భూతద్దంతో చూడండి. ఎగిరే చుక్కలు పెద్దవా చిన్నవా, ఎక్కువా తక్కువా రాసుకోండి. పెద్దవి ఉంటే చేపకు మేత మిగిలి ఉంది. ఒక్కటీ కనబడకపోతే చేప ఎక్కువైంది లేదా నీళ్లలో మందు కలిసింది. పైరు మీద కొట్టే పురుగుమందులకు అన్నిటికన్నా ముందు చనిపోయేవాటిలో ఈ నీటి ఈగలు ఉంటాయి. పక్క చేనులో మందు కొట్టిన సంగతి మీకు ఎవరూ చెప్పకపోయినా ఇవి చెప్తాయి.

మూడోది, నీళ్ల రంగు, వాసన, వాన పడిందా లేదా అన్నది తేదీతో నోటుబుక్కులో రాయండి. ఒక ఏడాది రాస్తే మీ కుంట మీకు అర్థమవుతుంది. మూడేళ్లు రాస్తే మీ ఊరి వాగు అర్థమవుతుంది.

చివరగా ఒక్క మాట. మిడ్ మానేరు కింద మునిగిన పొలాల సారం ఒక్కసారే ఖర్చవుతుంది, దాన్ని మళ్లీ తేలేం. ఇక ముందు ఆ నీళ్లు ఎట్లా ఉంటాయన్నది ఎగువన ఉన్న మన గట్టు మీద గడ్డి ఉందా లేదా, మన పెంట కుప్ప కప్పి ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ తొలకరికి మీ చేను దిగువ మూలకు వెళ్లి, పొలం నుంచి బయటికి పోయే నీళ్లను ఒక సీసాలో పట్టండి. ఆ సీసాలో అడుగుకు ఎంత మట్టి దిగిందో చూడండి. మీరు దిగువకు పంపుతున్నది అదే.